ఫర్నేస్ ఒక రాత్రి వెచ్చగా, ఒక రాత్రి చల్లగా: ఏ మెట్టు దగ్గర ఆగుతోందో పట్టుకోవడం ఎలా?

నవంబర్ చివర్లో మొదలై మార్చి దాకా నాకు ఇవే ఫోన్లు. "అన్నా, రాత్రి రెండింటికి మెలకువొస్తే ఇల్లు మంచుగడ్డలా ఉంది. ఫర్నేస్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తే వచ్చింది. పొద్దున మళ్లీ అదే కథ." నేను టెక్నీషియన్‌ని కాను. చికాగో శివార్లలో మా ఇంటి ఫర్నేస్ రెండు చలికాలాలు ఏడిపిస్తే, బేస్‌మెంట్‌లో దాని ముందు స్టూలేసుకుని కూర్చుని నేర్చుకున్నవాణ్ణి. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కసారి రాసిపెడితే మేలనిపించింది.

పూర్తిగా పాడైన ఫర్నేస్‌తో పెద్ద తంటా లేదు. అప్పుడప్పుడు మొరాయించేదే తంటా. మెకానిక్ వచ్చేసరికి పెళ్లిచూపులకొచ్చిన పిల్లాడిలా బుద్ధిగా నడుస్తుంది. ఆయన పది నిమిషాలు చూసి "బాగానే ఉందే" అని ఫీజు తీసుకుని వెళ్లిపోతాడు, ఆ రాత్రికే మళ్లీ ఆగుతుంది. మాకు మొదటిసారి వచ్చిన ఒకాయనైతే ఏమీ తేల్చకుండానే కొత్త ఫర్నేస్‌కి కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. చివరికి దొరికిన కారణం, ఒక స్క్రూ విప్పి తుడిస్తే పోయేది.

అందుకే ముందు పార్టుల జోలికి పోవద్దు. అది వెలిగే క్రమంలో ఏ మెట్టు దగ్గర ఆగుతోందో కళ్లారా చూడండి. అది తెలిస్తే మిగతా పని సగం అయినట్టే.

ఇది ఎవరికి: అమెరికా, కెనడా ఇళ్లలో ఉండే, నాచురల్ గ్యాస్‌తో నడిచి డక్టుల్లోంచి వేడిగాలి పంపే ఫర్నేస్‌కి. ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఉన్న పాతకాలపు ఫర్నేస్, రేడియేటర్లకు నీళ్లు కాచే బాయిలర్, హీట్ పంపు వేరే సంగతులు. మీరు అద్దెకుంటే ఫర్నేస్ తలుపు విప్పకండి, మెయింటెనెన్స్‌కి రాతపూర్వకంగా చెప్పండి. వేడి ఇవ్వడం ఓనర్ బాధ్యత. చికాగో నగరంలోనైతే సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా పగలు 68, రాత్రి 66 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదని చట్టమే ఉంది.

ముందు ప్రాణం, తర్వాతే ఫర్నేస్

గ్యాస్ వాసన వస్తే ఇక్కడే ఆపేయండి. మన ఊళ్లో సిలిండర్ లీకైతే కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ తీసి, ఎక్కడ కారుతోందో వెతికే అలవాటు మనకుంది. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేలమీద పేరుకుంటుంది. ఇక్కడ పైపులో వచ్చే గ్యాస్ గాలికంటే తేలిక, పై అంతస్తుల దాకా పాకుతుంది. కాబట్టి వెతకొద్దు. లైటు వేయొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు, లోపలి నుంచి ఫోనూ చేయొద్దు. పిల్లల్ని తీసుకుని బయటికి నడవండి. దూరంగా వెళ్లాక 911కి గానీ గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి గానీ ఫోన్ చేయండి.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసేది ఇదే. ఇల్లినాయ్‌లో పడకగదులకు 15 అడుగుల లోపు దీని అలారం ఉండాలని 2007 నుంచి చట్టం. మీ ఇంట్లో ఉందా, గడువు దాటిందా, ఈరోజే చూడండి. తయారీ తేదీ వెనకాల ఉంటుంది. అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టున్నా, బయటికెళ్లి 911కి చెప్పండి. ఇంకోమాట: ఫర్నేస్ రాని రాత్రి గ్యాస్ స్టవ్, అవెన్ వెలిగించి ఇల్లు వెచ్చబెట్టుకోవద్దు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- టార్చి, వీడియో తీయడానికి ఫోను
- మామూలు స్క్రూడ్రైవర్, పావు అంగుళం నట్ డ్రైవర్
- సరైన సైజు కొత్త ఫిల్టర్, థర్మోస్టాట్‌కి కొత్త బ్యాటరీలు
- సన్నటి స్టీల్ ఉల్, లేదంటే గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ ముక్క. కొత్తదే కావాలి, సబ్బు అంటినది పనికిరాదు
- బకెట్, పాత తువ్వాళ్లు, రబ్బరు గ్లవ్స్
- వంటింటి థర్మామీటర్
- ఒక కాగితం, పెన్ను. వీటన్నిటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే

1. ఒక పూర్తి సైకిల్ కూర్చుని చూడండి

అది ఆగిన క్షణాన మనవాళ్లు చేసే మొదటి తప్పు, పరిగెత్తుకెళ్లి స్విచ్ ఆపి వేయడం. వేడి వస్తుంది, సాక్ష్యం పోతుంది. ఫర్నేస్ లోపలి బోర్డు మీద ఒక చిన్న లైటు ఉంటుంది. ఏదైనా తేడా వస్తే అది లెక్క ప్రకారం మిణుకుమంటుంది. చాలా బోర్డుల్లో కరెంటు తీస్తే ఆ లెక్క పోతుంది. కాబట్టి స్విచ్ ముట్టుకోకముందే కింది తలుపు మీద గుండ్రటి చిన్న కిటికీ ఉందేమో చూడండి. దాంట్లోంచి ఆ లైటుని ముప్పై సెకన్లు వీడియో తీయండి. తలుపు మాత్రం తీయొద్దు. తీస్తే లోపలున్న డోర్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది, అప్పుడూ సాక్ష్యం పోయినట్టే.

ఎన్ని మిణుకులకు ఏమర్థమో ఆ తలుపు లోపలివైపు అంటించిన కాగితంలో ఉంటుంది. వీడియో తీశాకే తలుపు తీసి చదవండి. కంపెనీకి కంపెనీకి, మోడల్‌కి మోడల్‌కి లెక్క మారుతుంది. పక్కింటివాళ్లకి మూడు మిణుకులంటే ఏదో అయితే మీకూ అదేనని అనుకోవద్దు.

ఇప్పుడు థర్మోస్టాట్‌ని గది వేడికంటే ఐదు డిగ్రీలు పైకి పెట్టి, కిందికెళ్లి కూర్చోండి. ఆరోగ్యంగా ఉన్న ఫర్నేస్ ఇలా నడుస్తుంది:

మొదట ఒక చిన్న ఫ్యాను తిరుగుతుంది. ఇది ఇండ్యూసర్, పాత పొగను బయటికి తోసేది. వ్యాక్యూమ్ క్లీనర్ దూరంగా నడుస్తున్నట్టు వినిపిస్తుంది. పొగదారి ఖాళీగా ఉంటే ప్రెషర్ స్విచ్ "టిక్" అంటుంది. ఆ తర్వాత అర నిమిషం లోపు, గ్యాస్‌ని అంటించే ఇగ్నైటర్ నారింజ రంగులో ఎర్రగా కాలుతుంది. కొన్ని మోడళ్లలో దాని బదులు స్టవ్ లైటర్‌లా టకటకమని నిప్పురవ్వ వస్తుంది. తర్వాత గ్యాస్ వాల్వ్ "టక్" అని తెరుచుకుని, బర్నర్లు వరసగా బుస్సుమని అంటుకుంటాయి. నీలం మంట. మంట వచ్చిందని ఫ్లేమ్ సెన్సర్ కొన్ని సెకన్లలోనే బోర్డుకి చెప్పాలి, చెప్పకపోతే బోర్డు గ్యాస్ కట్టేస్తుంది. మంట నిలబడ్డ అర నిమిషం, నిమిషానికి పెద్ద బ్లోయర్ మొదలై ఇంట్లోకి వేడిగాలి వస్తుంది. చివర్లో మంట ఆరాక కూడా బ్లోయర్ ఒకటి రెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది.

మీది ఎక్కడ ఆగిందో దీంతో పోల్చుకోండి. పక్కనున్న అంకెలు కింద నేను రాసిన మెట్లవి:

- అసలేమీ కదల్లేదు: 2, 3 మెట్లు
- ఇండ్యూసర్ తిరుగుతూనే ఉంది, ఎరుపు రాలేదు: 5, 6 మెట్లు, అక్కడా ఏమీ దొరక్కపోతే 8
- మంట అంటుకుని, పదంకెలు లెక్కపెట్టే లోపే ఆరిపోయింది: 7వ మెట్టు. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది ఇదే
- మంట చాలా నిమిషాలు బాగా మండి, ఇల్లు వెచ్చబడకముందే ఆరింది, బ్లోయర్ మాత్రం చల్లగాలి తోస్తూనే ఉంది: 4వ మెట్టు
- ఇగ్నైటర్ ఎర్రగా కాలింది, గ్యాస్ రాలేదు: వంటింటి స్టవ్ వెలుగుతుందో చూడండి. ఫర్నేస్ గ్యాస్ పైపు మీదున్న పిడి పైపుకి అడ్డంగా ఉందంటే ఎవరో మూసేశారని. పిడి పైపు వెంబడే ఉండి, స్టవ్ కూడా వెలుగుతోంటే, అది మీ పని కాదు, మెకానిక్‌ని పిలవండి

మొదటిసారే తప్పు దొరక్కపోవచ్చు. అందుకే కాగితం. ఆగిన ప్రతిసారీ టైము, బయట చలి, గాలి, మంచు ఎలా ఉన్నాయో, ఏ మెట్టు దగ్గర ఆగిందో ఒక్క ముక్కలో రాయండి. "గాలి గట్టిగా వీచిన రాత్రే", "బట్టలు ఉతికిన రోజే" లాంటివి నాలుగైదు రోజుల్లో కాగితం మీద తేలతాయి.

"గంట తర్వాత దానంతటదే వచ్చింది" అనేవాళ్లకి ఒక సంగతి. వెలిగించడానికి వరసగా కొన్నిసార్లు ప్రయత్నించి కుదరకపోతే బోర్డు తాళం వేసుకుని కూర్చుంటుంది. చాలా మోడళ్లు గంటకో, ఇంకాస్త ఆలస్యంగానో మళ్లీ ప్రయత్నిస్తాయి. ఆ సమయంలో ఏమీ కదలదు గనక కరెంటు లేదని పొరబడతారు. అలా దానంతటదే తిరిగొచ్చే ఫర్నేస్‌లో నేనైతే ముందు మంట, పొగదారి, నీళ్లదారి చూస్తాను.

2. థర్మోస్టాట్

మోడ్ "హీట్" మీద ఉండాలి, ఫ్యాను "ఆటో" మీద ఉండాలి. ఫ్యాను "ఆన్" మీదుంటే మంట లేనప్పుడు కూడా బ్లోయర్ తిరుగుతూ చల్లగాలి కొడుతుంది. ఒకాయన వారం రోజులు "అప్పుడప్పుడు చల్లగాలి వస్తోంది" అని బాధపడితే వీడియో కాల్‌లో చూశాం, పిల్లాడు ఆ బటన్ నొక్కాడు. ఫర్నేస్‌కి ఏమీ కాలేదు.

బ్యాటరీలుంటే మార్చండి. వాటికి హెచ్చరిక రాకపోయినా మార్చండి. స్మార్ట్ థర్మోస్టాట్ సొంతంగా బిగించుకున్నవాళ్లు దానికి ఎప్పుడూ కరెంటు అందించే సీ-వైరు కలిపారో లేదో చూసుకోవాలి. అది లేకపోతే కొన్ని థర్మోస్టాట్లు మిగతా వైర్లలోంచి కరెంటు కొద్దికొద్దిగా లాక్కుంటాయి, చలి ఎక్కువైన రోజుల్లో మొండికేస్తాయి.

3. స్విచ్, తలుపు, ఫ్యూజు

ఫర్నేస్ పక్కన గోడమీదో, దాని మీదో మామూలు లైటు స్విచ్‌లా ఒకటుంటుంది. బేస్‌మెంట్ లైటనుకుని ఎవరో ఆర్పేస్తారు. అది చూడండి, ఆ తర్వాత బ్రేకర్ చూడండి. కింది తలుపు సరిగ్గా బిగుసుకోకపోతే డోర్ స్విచ్ పూర్తిగా నొక్కుకోదు. బ్లోయర్ అదురుకి ఒకసారి అంటి, ఒకసారి వదులుతుంది. తలుపుని అరచేత్తో గట్టిగా నొక్కినప్పుడు ప్రాణం వస్తే దొంగ దొరికినట్టే. గాడిలో సరిగ్గా కూర్చోబెట్టండి. ఆ స్విచ్‌కి టేపు వేసి శాశ్వతంగా నొక్కిపెట్టడం మాత్రం వద్దు.

బోర్డు మీద కార్లలో ఉండేలాంటి చిన్న ఫ్యూజు ఉంటుంది. ఎక్కువగా 3 ఆంపులది ఊదారంగులో, 5 ఆంపులది లేత గోధుమరంగులో. కరెంటు ఆపి బయటికి లాగి చూడండి. కాలిపోతే అదే అంకె ఉన్నది వేయండి. మళ్లీ కాలిందా, ఎక్కడో వైరు తగులుతోందని అర్థం. పెద్ద ఫ్యూజు వేసి దాన్ని ఏమార్చకండి.

4. ఫిల్టర్

గాలి తగినంత ఆడకపోతే మంటకీ ఇంటి గాలికీ మధ్య ఉండే ఫర్నేస్ లోపలి రేకులు మరీ వేడెక్కుతాయి. లిమిట్ స్విచ్ మంట ఆర్పేసి, చల్లారాక మళ్లీ ఒప్పుకుంటుంది. మీకు కనిపించేది ఇది: పది నిమిషాలు వేడి, ఐదు నిమిషాలు చల్లగాలి, మళ్లీ వేడి.

ఫిల్టర్ తీసి టార్చి వెలుగుకి అడ్డంగా పట్టుకోండి. వెలుగు అవతలికి రాకపోతే దాని పని అయిపోయింది. ఒక అంగుళం మందం ఉన్నవి నెలకోసారి చూడాలి, మూడు నెలలు దాటించొద్దు. నాలుగైదు అంగుళాల మందం ఉన్నవి ఆరు నెలల పైన వస్తాయి. రోజూ పోపులు, అగరుబత్తులు ఉన్న ఇళ్లలో ఇంకాస్త తొందరగానే నల్లబడతాయి.

ఇక్కడ మనవాళ్ల తప్పులు నాలుగు. పారేయాల్సిన కాగితం ఫిల్టర్‌ని కుళాయి కింద కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టడం. ఆరోగ్యం కదా అని ఒక అంగుళం గాడిలో మెర్వ్ 13 ఫిల్టర్ పెట్టడం (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ము పడుతుందో చెప్పే అంకె). చాలా ఫర్నేస్‌లకి అంత దట్టమైనది ఊపిరాడనివ్వదు, మెర్వ్ 8 చాలు. బాణం గుర్తు తిరగేసి పెట్టడం. అది ఫర్నేస్ వైపు చూడాలి. నాలుగోది, డబ్బు మిగులుతుందని వాడని గదుల్లో వేడిగాలి వచ్చే వెంట్లన్నీ మూసేయడం, ఇంట్లో గాలిని ఫర్నేస్‌కి వెనక్కి పీల్చే రిటర్న్ జాలీకి సోఫా ఆనించడం. వెంట్లు మూస్తే గ్యాస్ పెద్దగా మిగలదు గానీ లోపల వేడి మాత్రం పెరుగుతుంది.

పరీక్ష: ఫిల్టర్ తీసేసి పదిహేను నిమిషాలు నడపండి. మంట మధ్యలో ఆరకపోతే ఫిల్టరే కారణం. కొత్తది పెట్టడం మాత్రం మరవొద్దు. ఫిల్టర్ లేకుండా కూడా ఆరిపోతుంటే, పైన ఏసీ కాయిల్ దుమ్ముతో పూడుకుని ఉండొచ్చు, లేదంటే బ్లోయర్ నీరసించి ఉండొచ్చు. అది మెకానిక్ పని.

5. బయటి పైపులు

మీ ఫర్నేస్ పొగ తెల్లటి ప్లాస్టిక్ పైపులో గోడలోంచి బయటికి పోతోందా, లోహపు గొట్టంలో ఇంటి కప్పు మీదికి పోతోందా? ప్లాస్టిక్ అయితే అది ఎక్కువ సామర్థ్యం ఉన్న రకం. ఈ మెట్టు, తర్వాతిది ముఖ్యంగా మీకోసమే.

బయట గోడకి సాధారణంగా రెండు పైపులు ఉంటాయి, ఒకటి గాలి పీల్చేది, ఒకటి వదిలేది. మంచు తుఫాను తర్వాత ఈ రెండింట్లో ఏది పూడినా ప్రెషర్ స్విచ్ ఒప్పుకోదు. గాలి దిశ మారితే కుప్ప కరిగో, కదిలో, మధ్యాహ్నానికి దానంతటదే బాగవుతుంది. అందుకే "నిన్న ఆగింది, ఇవాళ నడుస్తోంది" అనిపిస్తుంది. డ్రైవ్‌వే మంచు ఎత్తిపోసేటప్పుడు మనమే ఆ మూలకి పోసిన సందర్భాలు కూడా ఉన్నాయి, నా సొంత పార కూడా సాక్షి.

చుట్టూ, కిందా కనీసం ఒక అడుగు ఖాళీ చేయండి. పైపు మూతి దగ్గర ఐసు ముద్ద ఉంటే చేత్తో మెల్లగా విరవండి. సుత్తి వద్దు, చలికి ప్లాస్టిక్ పగులుతుంది. టార్చి వేసి లోపల ఆకులు, పక్షిగూడు ఉన్నాయేమో చూడండి. చలికాలం ముందే అక్కడ ఒక పొడుగాటి కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టుకుంటే మంచు కింద వెతుక్కోనక్కర్లేదు.

6. నీళ్లదారి

ఈ రకం ఫర్నేస్ పొగలోని ఆవిరిని నీళ్లుగా మార్చి సన్నటి గొట్టంలోంచి వదులుతుంది. ఆ గొట్టంలోగానీ ట్రాప్ అనే మడతలోగానీ జిగురు పేరుకుంటే నీళ్లు వెనక్కి తన్ని పొగదారిని మూస్తాయి. గుర్తు: ఇండ్యూసర్ నడిచేటప్పుడు హుక్కా పీలుస్తున్నట్టు గుడగుడ. ఇంకో గుర్తు: ఆపి గంట ఆగితే నీళ్లు మెల్లగా కారిపోయి మళ్లీ వెలుగుతుంది.

కరెంటు ఆపి, గ్లవ్స్ వేసుకోండి, ఆ నీళ్లలో ఆమ్లం ఉంటుంది. కింద బకెట్ పెట్టి గొట్టం ఊడదీసి, వేడినీళ్లు, కాస్త వెనిగర్ పోసి కడగండి. ట్రాప్ ఊడొచ్చేదైతే దాన్నీ కడగండి. తిరిగి పెట్టేముందు దాంట్లో కాసిని నీళ్లు పోయండి. ఖాళీ ట్రాప్ పెడితే గాలి అటునుంచి పీల్చుకుని వేరే తప్పు మొదలవుతుంది. ఈ ముక్క ఎవరూ చెప్పక నేను ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

కింద చిన్న పెట్టెలాంటి పంపు ఉంటే దాని మూత తీసి ఒక చెంబు నీళ్లు పోయండి. మోటారు పలకాలి, నీళ్లు ఎత్తిపోయాలి. నీళ్లు నిండితే లోపలి ఫ్లోట్ స్విచ్ ఫర్నేస్‌నే ఆపేస్తుంది. గొట్టం ఇంటి బయటికి పోయేలా ఉంటే, చివర గడ్డకట్టిందేమో చూడండి.

ప్రెషర్ స్విచ్‌కి వెళ్లే సన్నటి రబ్బరు గొట్టంలో పగులు, నీటిచుక్క ఉన్నాయేమో కూడా చూడండి. ఆ స్విచ్ రెండు వైర్లూ కలిపేస్తే ఫర్నేస్ నడుస్తుందని వీడియోల్లో చూపిస్తారు. నడుస్తుంది. పొగ ఇంట్లోకి వచ్చినా నడుస్తూనే ఉంటుంది. ఎన్నడూ చేయొద్దు.

7. ఫ్లేమ్ సెన్సర్ తుడవడం

మంట అంటుకుని కొన్ని సెకన్లకే ఆరిపోయి, మళ్లీ అంటుకుని మళ్లీ ఆరుతోంటే ముందు ఇది చేయండి. మంటలో ఉండే ఆ చిన్న లోహపు కడ్డీ మీద కంటికి సరిగ్గా కనిపించని పొర పేరుకుంటుంది. దాంతో మంట ఉన్నా లేదని చెబుతుంది.

క) థర్మోస్టాట్ ఆపండి, ఫర్నేస్ స్విచ్ ఆపండి, గ్యాస్ పిడి పైపుకి అడ్డంగా తిప్పండి. లోపల వేడి తగ్గేదాకా పావుగంట ఆగండి.

చ) పై తలుపు తీయండి. వైర్లు ఎలా ఉన్నాయో ఫోటో తీసుకోండి.

ట) సెన్సర్‌ని గుర్తుపట్టండి. ఇక్కడే చాలామంది పొరబడి ఇగ్నైటర్ విరగ్గొట్టుకుంటారు. సెన్సర్‌కి ఒక్కటే వైరు, పెన్సిల్ కంటే సన్నటి లోహపు కడ్డీ, పింగాణీ మొదలు. ఇగ్నైటర్‌కి రెండు వైర్లు, ముదురు బూడిదరంగు పెళుసు పలక. సాధారణంగా ఇగ్నైటర్ బర్నర్ల వరసకి ఒక చివర ఉంటే సెన్సర్ ఇంకో చివర ఉంటుంది.

త) వైరుని కొసదగ్గర పట్టుకుని లాగండి. ఒక్క స్క్రూ విప్పండి. స్క్రూ లోపల పడితే గంట పోతుంది, కింద గుడ్డ పరవండి. సెన్సర్‌ని నిటారుగా బయటికి తీయండి.

ప) లోహపు భాగాన్ని మాత్రమే స్టీల్ ఉల్‌తోగానీ స్క్రబ్బర్‌తోగానీ తేలిగ్గా రుద్దండి. గరుకు శాండ్‌పేపర్ వద్దు, గీతలు పడితే మురికి ఇంకా తొందరగా పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత వేళ్లతో ముట్టుకోవద్దు. పింగాణీ పగిలి ఉంటే తుడిచి లాభం లేదు, మోడల్ నంబరు చూసి కొత్తది తెప్పించుకోండి. పెద్ద ఖరీదు కాదు.

య) అదే కోణంలో తిరిగి బిగించి, వైరు తొడగండి. తలుపు పెట్టి, గ్యాస్ తెరిచి, స్విచ్ వేయండి.

తుడిచిన వారానికే మళ్లీ ఆరిపోతుంటే సెన్సర్‌ని నిందించకండి. ఫర్నేస్‌కి వచ్చే గ్రౌండ్ వైరు వదులుగా ఉండొచ్చు, బర్నర్ మురికిపట్టి మంట సెన్సర్‌కి సరిగ్గా తగలకపోవచ్చు. మంట పసుపు రంగులో ఊగుతోంటే, లేదా బ్లోయర్ మొదలవగానే మంట వంకరపోతోంటే, నడపడం ఆపేసి మెకానిక్‌ని పిలవండి. లోపలి రేకు పగిలిందేమో చూడాల్సిన సమయమది.

8. ఇగ్నైటర్

తాకకుండా టార్చితో చూడండి. వేళ్ల జిడ్డు అంటితే కాలినప్పుడు అక్కడే పగులుతుందంటారు, అందుకే దూరం. సన్నటి తెల్లగీత కనిపించినా, కాలేటప్పుడు ఒకచోట మిగతాదానికంటే మెరుపుగా చుక్కలా వెలిగినా, పగులుందని అర్థం. వేడికి ఆ పగులు తెరుచుకుని, చల్లారితే మూసుకుంటుంది. ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోవడానికి ఇదొక కారణం. మల్టీమీటర్ ఉంటే, కరెంటు ఆపి, ప్లగ్గు ఊడదీసి ఓమ్స్‌లో చూడండి. ఏ అంకే రాకపోతే తెగిందన్నమాట. అంకె వచ్చినంత మాత్రాన బాగుందని మాత్రం కాదు.

9. నిజంగా బాగైందా?

ఒకసారి వెలిగిందని సంబరపడొద్దు. మధ్యలో పది నిమిషాల విరామంతో మూడు పూర్తి సైకిళ్లు చూడండి. మూడుసార్లూ మొదటి ప్రయత్నానికే అంటుకోవాలి. రెండో ప్రయత్నానికి అంటుకున్నా, ఇల్లు వెచ్చబడినా, అది ఇంకా బాగవలేదు.

తర్వాత వేడి కొలవండి. పదిహేను నిమిషాలు నడిచాక రిటర్న్ జాలీ దగ్గర ఒకసారి, ఫర్నేస్‌కి దగ్గరున్న వెంట్ దగ్గర ఒకసారి థర్మామీటర్ పెట్టండి. లోపలికి 68, బయటికి 118 ఉంటే తేడా 50. తలుపు లోపలి లేబుల్ మీద ఈ తేడా ఎంతనుంచి ఎంతదాకా ఉండాలో రాసి ఉంటుంది, ఉదాహరణకి 35 నుంచి 65. పై అంచు దాటితే గాలి చాలట్లేదు, మళ్లీ 4వ మెట్టు. కాగితం మీద రాయడం ఇంకో పది రోజులు కొనసాగించండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. 2019 జనవరి 30న చికాగోలో సున్నాకి కింద 23 డిగ్రీల ఫారెన్‌హీట్ పడింది. అలాంటి రోజుల్లో ఫర్నేస్ గంటలకొద్దీ ఆగకుండా తిరగడం, ఇల్లు మీరు పెట్టినదానికంటే రెండు డిగ్రీలు తక్కువుండటం జబ్బు కాదు.

మెకానిక్‌ని పిలిచినప్పుడు

"వేడి రావట్లేదు" అని చెప్పకండి. "ఇండ్యూసర్ తిరుగుతుంది, ఇగ్నైటర్ కాలుతుంది, మంట నాలుగు సెకన్లకి ఆరుతుంది, సెన్సర్ తుడిచాను, లైటు ఇన్నిసార్లు మిణుకుతోంది, ఇదుగో వీడియో" అని చెప్పండి. అలా చెప్పినవాళ్లకి ఊరికే కొత్త ఫర్నేస్ అమ్మడం కష్టం. లోపలి రేకు పగిలిందని ఎవరైనా అంటే ఫోటో చూపించమనండి, వేరే కంపెనీతో కూడా చూపించుకోండి. రెండో మాట వచ్చేదాకా ఫర్నేస్ మాత్రం ఆపే ఉంచండి. వారంటీలో ఉంటే లోపలి పార్టులు మీరు మార్చకముందే కాగితాలు చదవండి.

మెకానిక్ రేపటికిగానీ రానంటే ఆ రాత్రి నీళ్ల పైపులు కాపాడుకోవాలి. బయటి గోడవైపున్న కుళాయిలు సన్నగా కారనివ్వండి, సింకు కింద తలుపులు తెరిచి ఉంచండి, అందరూ ఒకే గదిలో పడుకోండి. కరెంటు హీటర్‌ని నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ తాడుకి తగిలించొద్దు. మూడడుగుల లోపు దుప్పట్లు, పరదాలు ఉండకూడదు.

సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లు థర్మోస్టాట్‌ని 55 కంటే కిందికి తగ్గించొద్దు. ఫర్నేస్ అప్పటికే ఒకసారి మొరాయించి ఉంటే 60 దగ్గర ఉంచండి, ఇంటి మెయిన్ వాటర్ వాల్వ్ కట్టేసి కుళాయిలు తెరిచి పైపులు ఖాళీ చేయండి, తాళంచెవి నమ్మకమైన పొరుగువాళ్లకి ఇచ్చి రెండు రోజులకోసారి చూడమనండి. సూట్‌కేసులు కిందికి దించేటప్పుడు ఫర్నేస్‌కి ఆనించి పేర్చొద్దు. తిరిగొచ్చాక బియ్యం బస్తాలు కూడా అక్కడ పెట్టొద్దు. ముందు మూడడుగులు ఖాళీ ఉంటేనే దాని తలుపు తెరుచుకుంటుంది.